డ్రోన్‌తో కొట్టే మందు మా ఇళ్ల మీదికే వస్తోంది, ఏం చేయాలి?

కోవూరు కోడలు
మాది నెల్లూరు జిల్లా కోవూరు పక్కన పల్లెటూరు. కాలనీలో చివరి వరస ఇల్లు, వెనక గోడ దాటితే వరి మడే, మధ్యలో కాలువ కూడా లేదు. ఇంతకుముందు కూలీలు చేతి పంపులతో కొట్టేవాళ్లు, వాసన వచ్చినా ఇంత ఉండేది కాదు. ఇప్పుడు డ్రోన్ వస్తోంది. మంచు విడవకముందే వచ్చి కొట్టేసి వెళ్లిపోతారు, కిటికీలు మూసేలోపే ఇల్లంతా ఘాటు, కళ్లు మంట, మా చిన్నదానికి దగ్గు మొదలైతే సాయంత్రం దాకా తగ్గదు. దండెం మీద బట్టలు, తొట్టిలో నీళ్లు, గేదెకు కోసిపెట్టిన గడ్డి అన్నీ బయటే ఉంటాయి. మా ఆయన ఆ పొలం వాళ్ల దగ్గరే పనికి వెళ్తారు, గట్టిగా అడిగితే పని పోతుందేమోనని టెన్షన్. ఒకసారి మెల్లగా చెబితే "గాలి నా చేతుల్లో ఉందా అమ్మా" అన్నారు. ఇది నిజంగా ప్రమాదమేనా, నేనే ఎక్కువ భయపడుతున్నానా? గొడవ కాకుండా దారేమన్నా ఉందా?

గట్టుమీద రైతు
అమ్మా, మీ భయంలో తప్పేం లేదు. నేనూ సంగం వైపు వరి, కొంచెం నిమ్మ వేసేవాణ్ణే, డ్రోన్ కూడా పిలిపిస్తాను, కాబట్టి రైతు మీద కోపంతో చెప్పడం లేదు. గాలి ఆయన చేతుల్లో లేదు, సరే. ఏ వేళప్పుడు కొట్టించాలి, ఎంత ఎత్తులో, ఏ నాజిల్‌తో (మందు చిమ్మే మూతి) అన్నవి మాత్రం ఆయన చేతుల్లోనే ఉన్నాయి.

పొద్దున్నే గాలి ఉండదు కదా, మందు ఎటూ పోదు అని మనలో చాలామంది అనుకుంటారు. మన పెద్ద పంట చలికాలంలోనే కదా, మంచు పట్టిన పొద్దుల్లో నేల దగ్గర గాలి చల్లగా, పైన వెచ్చగా ఉంటుంది, దాంతో సన్న తుంపర పైకి పోయి చెదిరిపోకుండా కిందనే తేలుతూ ఉండి, గాలి కాస్త ఎటు కదిలితే అటు జారిపోతుంది. మీ ఇంట్లోకి వచ్చేది అదే. కాస్త ఎండెక్కాక, ఆకు కదిలేంత గాలి ఇళ్ల వైపు నుంచి పొలంలోకి వీస్తున్నప్పుడు కొట్టాలి. గంటకు 15 కిలోమీటర్లు దాటితే ఆపేయాలి.

డ్రోన్‌తో ఇంకో సంగతి ఉంది. చేతి పంపుతో ఎకరాకు 150, 200 లీటర్ల నీళ్లు పడతాయి, డ్రోన్‌కు 10 లీటర్లు అటూ ఇటూ. ఎకరాకు పోసే మందు మాత్రం పెద్దగా తగ్గదు, అంటే మీ మీద పడే చుక్క చిక్కగా ఉంటుంది. పైగా ఎకరాల లెక్కన డబ్బు కాబట్టి తొందరగా ముగించాలని డ్రోన్‌ను ఎత్తులో వేగంగా పోనిచ్చేవాళ్లున్నారు. ఇళ్లను ఆనుకున్న ఆ ఒక్క మడికి డ్రోన్ వద్దు, పెద్ద చుక్క పడే నాజిల్ పెట్టి చేతి పంపుతో కొట్టించండి అని అడగండి. అంత జాగాకు కూలి పెద్ద భారమేమీ కాదు. వరిలో కొట్టిన 2,4-డి ఎస్టర్ కలుపుమందు ఆవిరి తగిలి పక్క చేలో పత్తి ఆకులు బెండాకుల్లా చీలిపోవడం చూసిన రైతుకు, మందు గట్టు దాటుతుందని వేరే చెప్పక్కర్లేదు.

పీహెచ్‌సీ నర్సు
అక్కా, పిల్లలు వాళ్ల బరువుతో పోలిస్తే మనకంటే ఎక్కువ గాలి పీలుస్తారు, అందుకే అదే తుంపర పాపకు ఎక్కువ తగులుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు ఉంటే ఇంకా జాగ్రత్త. దగ్గు, కళ్ల మంట వరకైతే ఒంటి మీది బట్టలు మార్చేసి, సబ్బుతో స్నానం చేయించి, కళ్లు మంచినీళ్లతో బాగా కడగండి. క్లోరోపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి మందులైతే నోట్లో చొంగ, విపరీతంగా చెమట, వాంతులు, కంటిపాప చిన్నదైపోవడం, కండరాలు అదరడం కనిపించొచ్చు. అలా ఉంటే చూద్దాంలే అనుకోకండి, వెంటనే 108కి చేయండి. మందు నోట్లోకి పోయిందనుకున్నా మీరుగా వాంతి చేయించొద్దు.

అన్నిటికంటే ముందు ఆ మందు పేరు కనుక్కోండి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది "ఏదో తెల్ల మందు" అంటారు, అక్కడే టైమ్ పోతుంది. డబ్బా మీద విరుగుడు రాసి ఉంటుంది, రంగు త్రిభుజం ఉంటుంది: ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. డబ్బా ఫోటో ఒకటి అడిగి ఫోన్‌లో ఉంచుకోండి. ఆకుపచ్చ అంటే ప్రమాదం లేదని మాత్రం కాదు.

రొయ్యల గుంట
మాది ఇందుకూరుపేట వైపు. సైపర్‌మెత్రిన్, లామ్డా లాంటి పురుగుమందులు గుంటలో కొంచెం పడినా రొయ్య తట్టుకోదు, అందుకే ఇక్కడ మేమందరం కలిసి అడిగాక వరి రైతులు ముందురోజే చెబుతున్నారు. లక్షల రొయ్య కోసం చెప్పేవాళ్లు పిల్లలున్న ఇంటికి చెప్పలేరా?

చట్టం కూడా ఆ మాటే అంటుంది. 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లో 43వది చూడండి, పైనుంచి మందు చల్లే ముందు కనీసం 24 గంటల ముందుగా అధికారుల ద్వారా ప్రజలకు తెలియజేయాలి, సంబంధం లేని మనుషుల్ని, పశువుల్ని అటు రానీయకూడదు. 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ డ్రోన్లకు ప్రత్యేకంగా పద్ధతులు కూడా ఇచ్చింది. కేరళ కాసరగోడ్‌లో జీడితోటల మీద ఏళ్ల తరబడి హెలికాప్టర్‌తో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు చల్లారు, కింద ఊళ్లున్నాయని ఎవరూ ఆలోచించలేదు. ఆ జనం పోరాడి పోరాడి, 2011లో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతా ఆపింది. అప్పటికి ఎన్ని కుటుంబాలు నష్టపోయాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

మీరు ఒక్కరే వెళ్లకండి అక్కా. మీ ఆయన పని విషయం ఉంది కదా, వరసలో ఉన్న ఇళ్లన్నీ కలిసి ఒకే కాగితం రాసి రైతు సేవా కేంద్రంలో, పంచాయతీలో ఇవ్వండి. రైతు పేరు రాయకండి, "కాలనీ పక్కన డ్రోన్ ఎగిరే ముందు రోజు టముకు వేయించాలి, మందు పేరు చెప్పాలి" అని రాస్తే చాలు. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ.

కోవూరు కోడలు
అందరికీ దండాలు. ముందురోజు చెప్తే చాలు, బట్టలు, గడ్డి లోపల పెట్టుకుని, తొట్టికి మూతేసి, పాపను మా అమ్మవాళ్ల ఇంటికి పంపేస్తాను. ఆ ఒక్క మడికి చేతి పంపు అనే మాట మా ఆయనే పనిలో ఉన్నప్పుడు అడుగుతానన్నారు. మా వరసలోనే అంగన్‌వాడీ కూడా ఉంది, టీచర్‌ని కలుపుకోవచ్చా?

రొయ్యల గుంట
తప్పకుండా. మొదటి సంతకం ఆమెదే పెట్టించండి, ఎంతమంది పిల్లలు వస్తారో కూడా కాగితంలో రాయండి.