బ్రిడ్జ్ పేకాటలో 11 పాయింట్లతో ఒక ఆఠీను అనడం తప్పా?

ప్రశ్న: నిన్న రాత్రి నుంచి ఇదే లెక్క మళ్లీ మళ్లీ వేసుకుంటున్నాను, ఎక్కడ పొరబడ్డానో అంతు చిక్కడం లేదు. నాకు ఇస్పేటులో రాణి, జాకీ; ఆఠీనులో రాజు, రాణి, 6, 5, 3; డైమనులో రాజు, 7, 4, 2; కళావరులో 8, 3 పడ్డాయి. పాయింట్లు (ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1) 11, పొడవైన రెండు రంగుల్లో ముక్కలు 9, వెరసి 20. ఈ మొత్తం 20 ఉంటే పాట మొదలుపెట్టవచ్చనే ఇరవై సూత్రానికి సరిపోయింది కనుక ఒక ఆఠీను (ఆఠీను తురుపుగా ఏడు పట్లు పడతామని) అన్నాను. చివరికి ప్రత్యర్థులు రెండు ఇస్పేట్లు ఆడి సరిగ్గా ఎనిమిది పట్లు పట్టారు. మాకు 110 పోయింది. పాస్ అనవలసిందని నా పార్ట్‌నర్ అంటున్నారు. సూత్రం తప్పా, నేను తప్పా?

జవాబు 1: పాట పాడే వరుసలో మీది ఎన్నో స్థానం?

జవాబు 2: స్థానం కంటే ముందు పాయింట్ల సంగతి చూడాలి. బ్రిడ్జ్ ఆటగాడు, రచయిత మార్టీ బెర్గెన్ ప్రచారంలోకి తెచ్చిన ఆ సూత్రం, పాయింట్లు పొడవైన రంగుల్లోనే ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. మీ ఇస్పేటు రాణి, జాకీ రెండే ముక్కలు. ప్రత్యర్థులు ఆసు, రాజు వేయగానే రెండూ రాలిపోతాయి, కానీ లెక్కలో మాత్రం 3 పాయింట్లుగా నిలిచాయి. పైగా మీకు ఒక్క ఆసు కూడా లేదు. శీఘ్ర పట్లు (ఆసు, రాజు వంటి పెద్ద ముక్కలతో మొదట్లోనే వచ్చే పట్లు) కూడా కలిపి 22 చూసే పద్ధతిలో మీకు ఆఠీనుకు ఒకటి, డైమనుకు అర, మొత్తం 21న్నరే వస్తుంది.

జవాబు 3: 'శీఘ్ర పట్లు' ఏమిటండీ, బల్ల దగ్గర అందరూ క్విక్ ట్రిక్కులనే అంటారు. ఇరవైని సూత్రమనడం కూడా సరికాదు, అది అంచనా మాత్రమే.

జవాబు 2: ఇస్పేటు, ఆఠీను అనగలిగినప్పుడు పట్టు అనడానికి అభ్యంతరం ఎందుకు?

ప్రశ్నించినవారు: ముగ్గురూ పాస్ అన్నాకే నా వంతు వచ్చింది. అది ముఖ్యమనుకోలేదు.

జవాబు 1: అసలు విషయం అదే. నాలుగో స్థానంలో పాయింట్లకు ఇస్పేట్ల సంఖ్య కలిపి 15 చూడండి; మీకు 13. ముగ్గురూ పాస్ అన్నారంటే బలం ఇరువైపులా ఇంచుమించు సమానం, ఇస్పేటు ఆఠీను కంటే పై రంగు కనుక అప్పుడు ఇస్పేట్లున్నవారు అదే మెట్టులో మీ ఆఠీనును దాటిపోతారు. పాస్ అనివుంటే ఆ పంపకం సున్నాతో ముగిసేది.

జవాబు 3: మూడో స్థానంలోనైతే ఇదే చేతితో నేను తప్పక ఒక ఆఠీను అంటాను.

జవాబు 2: ఆ ఇస్పేటు జాకీతోనా?

ప్రశ్నించినవారు: అర్థమైంది, ధన్యవాదాలు. పార్ట్‌నర్‌కు ఫోన్ చేస్తాను.