‘థిన్ ఫిల్మ్’ పొరా, పూతా?

ప్రశ్న: బంకమట్టి, పాలిమర్ (పొడవాటి గొలుసు అణువుల పదార్థం) కలిపి లేజర్‌తో థిన్ ఫిల్మ్ వేసే పద్ధతి గురించి రాస్తున్నాను. ‘పలుచని పొర నిక్షేపణ’ అంటే సరిపోతుందా?

జవాబు: నిక్షేపణతో ఇబ్బంది లేదండీ, చిక్కంతా ‘పొర’తోనే. మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టికి పుట్టుకతోనే పొరలుంటాయి, ఒక్కోటి సుమారు 1 నానోమీటరు మందం. లేజర్‌తో వేసేది దానికి ఎన్నో రెట్లు మందం. రెండింటికీ ఒకే మాట వాడితే ‘పాలిమర్ చేరి పొర ఉబ్బింది’ అన్నచోట ఉబ్బింది ఏదో తేలదు. మట్టిలోనిది ‘రేకు’, పైన పడేది ‘పూత’ అనండి. రేకుల మధ్య సోడియం ఉన్న మట్టిలో ఒక వరస నీరుంటే రేకు నుంచి రేకుకు దూరం (రేకు మందంతో కలిపి) దాదాపు 1.25 నానోమీటర్లు. పాలిఇథిలిన్ ఆక్సైడ్ అనే పాలిమర్ రేకుల మధ్య చేరితే 1.8 దాకా పెరుగుతుంది, ఎక్స్‌రే వివర్తనంలో (ఈ దూరం కొలిచే పరీక్ష) శిఖరం తక్కువ కోణానికి జరుగుతుంది. ఇలా చేర్చడాన్ని ‘జొప్పించడం’ అనవచ్చు. ‘చొరబాటు’ వద్దు, అందులో అనుమతి లేకుండా దూరడమనే అర్థం ఉంది.

ప్రశ్న: పూత అంటే కుంచెతో పూసినట్టు లేదా?

జవాబు: బంగారు పూతకు కుంచె అక్కర్లేదు కదండీ.

మరో జవాబు: మ్యాట్రిక్స్ (పాలిమర్, మట్టి కలిపే ద్రవం, అంటే ద్రావణి) సాయంతో చేసే లేజర్ పద్ధతిని ‘పాలిమర్ బాష్పీభవనం’ అని మాత్రం రాయకండి. ఆవిరయ్యేది ద్రావణి. ఒకటి రెండు శాతం మించకుండా పాలిమర్, మట్టి కలిపిన ద్రావణాన్ని ద్రవ నైట్రోజన్‌తో (−196 డిగ్రీల సెల్సియస్) గడ్డకట్టించి, వాక్యూమ్ గదిలో ఆ గడ్డను తిప్పుతూ లేజర్ పల్సులు కొడతారు. ద్రావణి ఆవిరై పంపులోకి పోతుంది. దానితో పాటు లేచిన పాలిమర్ గొలుసులు, రేకులు ఎదుటి పలకకు అంటుకుంటాయి.

ఇందులో ద్రావణి ఎంపికే కీలకం. నీటి మంచు 248 నానోమీటర్ల అతినీలలోహిత లేజర్ కాంతిని దాదాపు పీల్చుకోదు, దెబ్బ నేరుగా పాలిమర్‌కు తగిలి గొలుసులు తెగుతాయి. నీళ్లే వాడాలంటే 2.94 మైక్రోమీటర్ల ఎర్బియం లేజర్ నయం, నీరు దాన్ని బలంగా పీల్చుకుంటుంది. ఇక అల్ట్రాసోనిక్‌తో మట్టిని చెదరగొట్టాక ఆలస్యం చేస్తే రేకులు అడుక్కి దిగి, గడ్డలో పైనా కిందా పాళ్లు మారిపోతాయి. అందుకని వెంటనే గడ్డకట్టించాలి. పల్సు శక్తి మరీ పెంచితే పూత మీద బొట్లు పడతాయి.

ద్రావణి లేకుండా, బిళ్లగా నొక్కిన మట్టిని లేజర్‌తో కొట్టే అబ్లేషన్‌కు ‘పెల్లగింపు’ బాగుంటుంది.

ప్రశ్నించినవారు: ఇలా మార్చాను: ‘గడ్డకట్టిన ద్రావణి లేజర్ తగిలి ఆవిరవుతూ, పాలిమర్ జొప్పించిన మట్టి రేకులను పలక మీదికి చేర్చి పూతగా నిలుపుతుంది.’