కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టినాక ఫ్యాన్లు తిరగతా ఉన్నాయి, డిస్‌ప్లే రావట్లా

ప్రశ్న (తిరుపతి):
ఐ5 10400 ప్రాసెసర్, హెచ్410 మదర్‌బోర్డు, లోకల్ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే డబ్బా). దాంట్లో ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు పెట్టినా. మానిటర్‌లో 'నో సిగ్నల్'. కార్డు తీసేస్తే మామూలుగానే ఆన్ అవుతుంది. ఎస్‌ఎంపీఎస్‌లో కార్డు కేబుల్ లేదు, రెండు మోలెక్స్‌ల (పాతకాలం 4 పిన్ ప్లగ్గుల) నుంచి 8 పిన్ కన్వర్టర్ వేసినా. కార్డే పోయిందా అన్నా?

జవాబు 1 (రేణిగుంట):
అప్పుడే కార్డు మీద పెట్టొద్దు. హెచ్‌డీఎంఐ కేబుల్ యాడ పెట్టినావు? కార్డు కనబడగానే చాలా బోర్డులు ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి. యూఎస్‌బీల పక్కన పోర్టులో ఉంటే తీసి కింద కార్డు పోర్టులోకి మార్చు.

అయినా రాకపోతే ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, కార్డు తీసి మళ్లీ పెట్టు. టార్చి వేసి పక్కనుంచి చూడు. స్లాట్ పైన బంగారు గీతలు ఒక చివర కనబడతా ఉంటే కార్డు పూర్తిగా దిగలేదు. బ్రాకెట్ కింది నాలుక బోర్డుకీ కేబినెట్ రేకుకీ మధ్య సందులో దూరకుండా రేకు మీదే నిలబడితే ఇట్లా అవుతుంది. స్క్రూలు బిగించినాక ఇంకోసారి చూడు, బిగింపుకి అవతలి చివర లేస్తుంది.

జవాబు 2 (చిత్తూరు):
నాకు భయం ఆ కన్వర్టర్‌తోనే. స్లాట్ ఇచ్చేది 75 వాట్లు, కార్డు తాగేది 170. మిగతాదంతా ఆ సన్న వైర్ల మీదే. మోలెక్స్ పిన్ను వదులైతే వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది.

ఎస్‌ఎంపీఎస్ స్టికర్‌లో +12వీ గడి చూడు. 16ఏ (ఆంపియర్లు) అని ఉంటే 12తో గుణించు, 192 వాట్లే. పైన 450 అని ఎంత లావుగా రాసినా అంతే. కార్డు 170, ప్రాసెసర్ 65, ఈ రెండిటికే 235. కార్డు చేసే ఎన్‌విడియా దీనికి అడిగేది 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్.

కొత్త ఎస్‌ఎంపీఎస్ బిగించేటప్పుడు 4+4 పిన్లుగా విడిపోయే కేబుల్ ప్రాసెసర్‌ది, 6+2 కార్డుది. రెండిట్లో పాజిటివ్, గ్రౌండ్ తారుమారుగా ఉంటాయి. దూరకపోతే తొయ్యొద్దు.

జవాబు 3 (తిరుపతి):
యూపీఎస్ కూడా చూసుకో. 600 వీఏ అంటే చాలావాటికి 360 వాట్లే. గేమ్ మధ్యలో కరెంటు పోతే కీచుమని అదీ ఆగిపోతుంది. కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటా ఉంటే ముందు ఎర్తింగ్ చేయించు.

ప్రశ్న అడిగినవారు:
కేబుల్ బోర్డులోనే ఉండింది! మారిస్తే వచ్చింది. పాత డ్రైవర్ డీడీయూతో (డ్రైవర్లు పూర్తిగా తీసేసే సాఫ్ట్‌వేర్) తీయాలా?

జవాబు 2:
ఇంతకుముందు ఇంటెల్ లోపలి గ్రాఫిక్సే కదా, అక్కర్లేదు. ఏఎమ్‌డీ కార్డు ఉండింటే తీయాల. బొమ్మ వచ్చిందని గేమ్ పెట్టొద్దు. ఎస్‌ఎంపీఎస్ మార్చేదాకా కార్డు తీసి డబ్బాలో పెట్టు.