ఫ్లోట్‌ప్లేన్‌లో లేక్ క్యాబిన్‌కి వెళ్లేవాళ్లు కొండగుర్తులు ఏం పెట్టుకుంటారు?

ఉత్తరదిక్కు, యాంకరేజ్:
అందరికీ నమస్కారం. పోయినేడు సీప్లేన్ రేటింగ్, అంటే నీళ్ల మీద దిగి లేచే విమానం నడిపే అనుమతి, వచ్చింది. ముగ్గురం కలిసి ఒక పాత సెస్నా 180, చక్రాల బదులు పడవల్లాంటి ఫ్లోట్లున్న చిన్న విమానం, కొనుక్కున్నాం. ఇన్నాళ్లూ పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండేవారు, వచ్చే నెల మొదటిసారి నేనే మా ఆవిణ్ణి తీసుకుని ఇక్కడ అలాస్కాలో సీప్లేన్లు ఎగిరే లేక్ హుడ్ నుంచి స్క్వెంట్నా అనే పల్లె అవతల ఒక ఫ్రెండ్ క్యాబిన్‌కి వెళ్దామనుకుంటున్నా. స్క్వెంట్నా దాకా 70 మైళ్లే. టెన్షన్ ఎక్కడంటే, క్యాబిన్ ఉన్న లేక్‌కి రోడ్డు లేదు, మ్యాప్‌లో పేరు కూడా లేదు, చుట్టూ అలాంటివే లెక్కలేనన్ని. జీపీఎస్ ఉంది, కానీ అది ఆగిపోయిన రోజున కళ్లతో చూసుకుని వెళ్లగలగాలి కదా. మీరు ఏం చూసుకుని వెళ్తారు?

పాతకాపు, వసిల్లా:
తమ్ముడూ, లేక్‌ని వెతుక్కుంటూ వెళ్లకు, నదిని పట్టుకుని వెళ్లు. లేక్ అంటే చుక్క, తప్పితే తప్పినట్టే. నది గీత, ఎటు నుంచి వచ్చినా తగులుతుంది.

లేక్ హుడ్ నుంచి లేచాక పాయింట్ మెకెంజీ దగ్గర నీళ్లు ఇరుకు, అక్కడ దాటు. కుక్ ఇన్‌లెట్‌లో ఆటుకీ పోటుకీ తేడా 30 అడుగుల దాకా ఉంటుంది. నీళ్లు తీశాక బయటపడే బురద పైనుంచి గట్టి నేలలా కనిపిస్తుంది, కాలు పెడితే మోకాలి దాకా దిగిపోతుంది, కాబట్టి ఎత్తు ఉంచుకునే దాటు. అక్కణ్ణుంచి పడమరకి సుసిట్నా నది. ఎడమచేతి వైపు మౌంట్ సుసిట్నా, 4,396 అడుగులు, పడుకున్న ఆడమనిషిలా ఉంటుందని ఇక్కడ అందరూ స్లీపింగ్ లేడీ అంటారు. అది కనిపిస్తున్నంతసేపూ నువ్వు ఎక్కడున్నావో నీకు తెలిసినట్టే.

యెంట్నా వచ్చి కలిసే చోట ఎడమకి తిరిగి యెంట్నా వెంట పైకి పో. ఇది హిమానీనదాల నీరు, సిమెంటు కలిపినట్టు బూడిద రంగు. కుడివైపు నుంచి లేక్ క్రీక్ కలిసే చోట మాత్రం జాగ్రత్తగా చూడు. ఆ వాగు నీళ్లు తేటగా ఉంటాయి కాబట్టి పైనుంచి నల్లగా కనిపిస్తాయి, నలుపూ బూడిదా వెంటనే కలవవు, మధ్యలో గీత గీసినట్టు కొంత దూరం పక్కపక్కనే పారతాయి. ఇన్నేళ్లలో నాకు ఇంతకన్నా మంచి గుర్తు దొరకలేదు.

ఇంకోటి. వెళ్లేటప్పుడే ఐదు నిమిషాలకోసారి వెనక్కి తిరిగి చూడు. తిరుగు ప్రయాణంలో కనిపించేది ఆ ముఖమే.

రెల్లుపూలు, సోల్డోట్నా:
మేం ఒకసారి తప్పు లేక్‌లో దిగాం, అందుకే రాస్తున్నా. ఆకుపచ్చ రేకుల కప్పు ఉన్న క్యాబిన్ అని చెప్పారు. ఆకుపచ్చ కప్పు కనిపించింది, దిగిపోయాం. డాక్ దగ్గరికి వెళ్లాక చూస్తే వేరేవాళ్లది, మనుషుల్లేరు. అది చిన్న లేక్. దిగడానికి సరిపోయినంత నీళ్లు లేవడానికి సరిపోవు, పైగా నాలుగు రోజుల సామానుంది, గాలి లేదు, చివర్లో స్ప్రూస్ చెట్లు. మావారు రెండుసార్లు పరుగు తీయించి రెండుసార్లూ పవర్ తీసేశారు. చివరికి సామాను సగం, నేనూ ఒడ్డున దిగిపోయాం. ఆయన తేలిగ్గా లేచి, అసలు లేక్‌లో మిగతా సామాను దించి, నా కోసం వచ్చేసరికి మూడు గంటలు. దోమలు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు.

కప్పు రంగు గుర్తు కాదండీ. నీళ్లు బయటికి పోయే వాగు ఏ మూల ఉంది, దీవి ఉందా, ఒడ్డు ఎక్కడ వంకర తిరిగింది, ఇవి మారవు. ఇప్పుడు కాగితం మ్యాప్ నా ఒళ్లో ఉంటుంది, మూడు గుర్తులు కలిస్తేనే దిగుదాం అంటాను.

ఎర్రమట్టి, థండర్ బే:
మేం ఎగిరే వైపు గుర్తు పెట్టుకునేంత కొండలు లేవు. కెనడాలో ఈ ఉత్తర ఒంటారియో లోపలంతా నీళ్లూ రాళ్లూ చెట్లే, ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. మాకు రైలు పట్టాలు, కరెంటు లైన్లు, గడియారం, ఇవే దిక్కు. 90 నాట్ల వేగం అంటే నిమిషానికి ఒకటిన్నర నాటికల్ మైలు, పది నిమిషాలకి పదిహేను. దాటిన ప్రతి గుర్తు పక్కనా టైమ్ రాసుకుంటా. వేసవిలో అడవి మంటల పొగ కమ్మితే ముందున్నది ఏదీ కనపడదు, అప్పుడు చివరి గుర్తు దాటి ఎన్ని నిమిషాలైంది అన్న ఒక్క లెక్కే మిగులుతుంది. ఆ లెక్క లేకపోతే వెనక్కి రావడం కూడా కష్టం.

కృష్ణగట్టు, విజయవాడ:
నేను పైలట్‌ని కాదు. 2024 నవంబర్ 9న ఇక్కడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ట్రయల్ జరిగినప్పటి నుంచి దీని మీద పిచ్చి పట్టుకుంది. ఒక డౌట్. పొద్దున్నే బ్యారేజీ ఎగువన కృష్ణ కదలకుండా ఉంటుంది. అలాంటి నీళ్ల మీద దిగడం తేలికే కదా?

పాతకాపు, వసిల్లా:
అదే అన్నిటికన్నా కష్టం. నీళ్లు అద్దంలా ఉంటే ఎత్తు తెలీదు. ఇంకా 50 అడుగులుందనుకుంటుండగానే తగిలేస్తాం, లేదా తగలబోతున్నామని 30 అడుగుల పైనే ముక్కు ఎత్తేస్తాం. నేనైతే ఒడ్డు పక్కనే దిగుతా, చెట్లు చూస్తే ఎత్తు తెలుస్తుంది. ముక్కు కాస్త పైకి, కొంచెం పవర్ ఉంచి, నిమిషానికి 150 అడుగుల చొప్పున దిగుతూ, ఫ్లోట్లు నీళ్లని తాకేదాకా చెయ్యి కదపను. దీనికి చాలా పొడుగు కావాలి, చిన్న లేక్‌లో కుదరదు. అంతకుముందు ఒక చుట్టు కొట్టి, తేలే దుంగలున్నాయేమో చూడాలి.

రెల్లుపూలు, సోల్డోట్నా:
ఉత్తరదిక్కు గారూ, తలా వారం రోజుల తిండి, గొడ్డలి, గాలాలు, అగ్గి రాజేసే సామాను, తలకి దోమల వల మర్చిపోకండి, అలాస్కా చట్టం ప్రకారం ఎమర్జెన్సీ సామాను విమానంలో ఉండాల్సిందే. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగి రావాలో ఎవరికైనా చెప్పి బయల్దేరండి.

ఉత్తరదిక్కు, యాంకరేజ్:
వెళ్లొచ్చాం! మొదటి శనివారం లేక్ క్రీక్ దాకా వెళ్లి వెనక్కి తిరిగాం, ముందు మబ్బు చెట్ల మీదికి దిగిపోయింది, నది వెంటే ఇంటికొచ్చేశాం. తర్వాతి వారం ఆకాశం శుభ్రంగా ఉంది. పాతకాపు అన్నా, మీరు చెప్పిన ఆ నలుపూ బూడిదా గీత మా ఆవిడే ముందు చూసింది, ఫోటో తీద్దామనుకునేలోపు దాటేశాం. మా లేక్‌కి తూర్పు మూల వాగు, దక్షిణాన బీవర్ గూడు, పెసరగింజంత దీవి ఒకటి. మూడూ కలిశాకే దిగాను. తిరిగి వచ్చేటప్పుడు స్లీపింగ్ లేడీ కుడివైపు కనపడగానే భుజాలు కిందికి దిగాయి.

ఒక్క విషయం అడగాలి. ఫ్లోట్ లోపల గదులుంటాయి కదా, వాటిలోకి ఊరిన నీళ్లు చేతిపంపుతో తోడేస్తాం. ఎడమ ఫ్లోట్ మూడో గదిలోంచి రోజూ పొద్దున్న ఇరవై పంపుల నీళ్లు వస్తున్నాయి, మిగతావాటిలో రెండు మూడే. ఇలాగే ఎగరొచ్చా, బయటికి లాగించి అతుకులు చూపించాలా?

పాతకాపు, వసిల్లా:
లాగించు. ఈ వారమే.