పాయింట్ అంటే ఎన్ని అర్థాలు? బోరు కాడి నుంచి గుంతకల్లు యార్డు దాకా

అనంత_స్పోకెన్:
బోరు పాయింట్ అంటాం, కరెంటు పాయింట్ అంటాం, "పాయింటుకు రా" అంటాం. మా స్పోకెన్ ఇంగ్లీష్ పిల్లోళ్లు ఈ మాట కాడే తికమకపడతాండారు. మీ మీ పనుల్లో దీనికేం అర్థముందో రాయండన్నా.

ప్రొద్దుటూరు_వ్యాకరణం:
లాటిన్‌లో పుంగెరె అంటే పొడవడం, పొడిస్తే పడే గుర్తు పుంక్తుమ్. పంక్చర్ కూడా దీని చుట్టమే. పొడిచే మొన ఒక దారి, పడిన చుక్క ఇంకో దారి. పెన్సిల్ పాయింట్ మొన, 2.5లో పాయింట్ చుక్క. నీళ్లు 100 డిగ్రీల కాడ మరుగుతాయి చూడండి, ఆ బాయిలింగ్ పాయింట్ కూడా కొలత గీత మీద ఒక చుక్కే.

గుంతకల్_యార్డు:
రైల్వేలో పాయింట్స్ అంటే బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే ఏర్పాటు. మొన తేలిన టంగ్ రైలు (కదిలే పట్టా) పోయి స్టాక్ రైలుకు (కదలని పట్టాకు) అతుక్కోవాల. మధ్యలో 5 మిల్లీమీటర్ల బిళ్ల పెట్టి పరీక్ష చేస్తారు. అప్పుడు పాయింట్ లాక్ కాకూడదు, బండి పోవచ్చనే సిగ్నలూ పడకూడదు. రాయి ఇరుక్కున్నా ఇదే జరగాల. పాయింట్స్‌మన్ అనే ఉద్యోగం పేరు దీన్నుంచే.

కర్నూలు_మెకానిక్:
పాత బుల్లెట్ బండిలో సీబీ (కాంటాక్ట్ బ్రేకర్) పాయింట్లు ఉంటాయి, స్పార్క్ కోసం కరెంటును తెంపేవి ఇవే. బాగా తెరుచుకున్నప్పుడు సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, ఫీలర్ గేజ్‌తో చూడాల. సందు పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకొని టైమింగ్ ముందుకు జరుగుతుంది. మసి పడితే స్పార్క్ బలహీనం.

అనంత_స్పోకెన్:
మరి బోరు పాయింట్?

కళ్యాణదుర్గం_బోరు:
అది చుక్క దారే. రెసిస్టివిటీ మీటరు వాళ్లు నాలుగు కడ్డీలు ఒకే వరసలో నాటి, కరెంటు పంపి, నేల దాన్ని ఎంత అడ్డుకుంటాందో చదువుతారు. కడ్డీలు దూరం జరిపేకొద్దీ లోతు తెలుస్తుంది. ఆఖరికి రాయి పాతిన చోటే పాయింట్. రిగ్గు దానికి పక్కన దిగితే ఆ రీడింగుకు విలువ లేదు.

ప్రొద్దుటూరు_వ్యాకరణం:
పిల్లోళ్లు ఎక్కువ తప్పేది వాక్యాల్లో, కాబట్టి అక్కడ గట్టిగా చెప్పాల. "యు హ్యావ్ ఎ పాయింట్" అంటే నువ్వన్నదాంట్లో నిజముంది. "వాట్స్ యువర్ పాయింట్?" అంటే ఇంతకీ ఏమంటావ్, గొంతు పెంచితే కసురుకున్నట్టే, పెద్దోళ్లతో వాడొద్దని చెప్పండి. "వాట్స్ ద పాయింట్?" అంటే ఏం లాభం. "నో పాయింట్" తర్వాత "ఇన్ వెయిటింగ్" సరిపోతుంది.

పాయింట్ ఎట్ అంటే వేలు చూపడం. పాయింట్ టు అంటే ఆధారాలు ఒక వైపు సూచించడం. పాయింట్ ఔట్ అంటే ఎదుటోళ్లు గమనించంది ఎత్తి చూపడం. దీని తర్వాత ఎబౌట్ పెడితే తప్పు, "పాయింటెడ్ ఔట్ ద మిస్టేక్" చాలు. "ఆన్ ద పాయింట్ ఆఫ్ లీవింగ్" అంటే సరిగ్గా బయల్దేరబోతా ఉన్నప్పుడు.

కడప_డీటీపీ:
అక్షరాల సైజూ రాసుకోండి సార్. కంప్యూటర్లో 72 పాయింట్లు ఒక అంగుళం. 12 పాయింట్ అంటే అక్షరం ఒక్కదాని ఎత్తు కాదు, గుడి, కింది ఒత్తు పట్టేలా వదిలిన జాగా మొత్తం. అందుకే ఒకే 12లో రెండు తెలుగు ఫాంట్లు పెద్దా చిన్నా కనపడతాయి.