మన కోతులు, ఏనుగులు ఏదో ఒక రోజు మనిషంత తెలివైనవి అవుతాయా?

అలిపిరి నడక | శనివారం రాత్రి 8:40
నిన్న మా అత్తగారితో అలిపిరి మెట్లదారిలో కొండకు వెళ్లాం. గాలిగోపురం దాటాక ఒక కోతి వెనకనుంచి వచ్చి నా సంచి జిప్పు తీసింది. చింపలేదు, లాగలేదు. జిప్పు కొస పట్టుకుని నెమ్మదిగా పక్కకు జరిపింది. లోపల అరటిపళ్లున్నా వదిలేసి అత్తగారి కళ్లజోడు డబ్బా ఎత్తుకుని చెట్టెక్కింది. అక్కడ మరమరాలమ్మే ఆవిడ "బిస్కెట్ ప్యాకెట్ చూపించమ్మా, అదే పడేస్తాది" అంది. చూపించాం. డబ్బా పడేసింది, ప్యాకెట్ తీసుకుంది. "ఇంకో నాలుగు తరాలు పోతే దర్శనం టోకెన్లు ఇవే ఇస్తాయి" అన్నారు అత్తగారు. అప్పుడు నవ్వుకున్నాం గానీ రాత్రి నిద్ర పట్టక ఇదే ఆలోచించాను. నిజంగా ఇంకో జంతువు మనిషిలా ఆలోచించే స్థాయికి ఎదుగుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

కరకంబాడి కుర్రోడు | రాత్రి 9:05
ఎందుకు ఎదగదక్కా? మీకు జరిగిందే బాలి దీవిలో ఉలువాటు గుడి దగ్గర కోతులు రోజూ చేస్తాయి. కళ్లజోళ్లు, ఫోన్లు లాక్కుని తిండి ఇస్తేనే తిరిగిస్తాయి. దాని మీద పరిశోధన కూడా జరిగింది. ఏ వస్తువుకు యాత్రికులు ఎక్కువ గింజుకుంటారో పెద్ద కోతులకు తెలుసు, అదే చూసి తీస్తాయి, బేరం కుదిరేదాకా పట్టుకుంటాయి. జపాన్‌లో కోషిమా దీవిలో 1953లో ఇమో అనే పిల్ల కోతి చిలగడదుంపకు అంటిన ఇసుకను నీళ్లలో కడుక్కుని తినడం మొదలుపెట్టింది, తర్వాత మందలో చాలా కోతులు నేర్చుకున్నాయి. బ్రెజిల్‌లో కాపుచిన్ కోతులు రాళ్లతో జీడిగింజలు పగలగొడతాయి, ఆ రాళ్లు తవ్వి చూస్తే 3,000 ఏళ్ల కిందటివి కూడా దొరికాయి. మనమూ రాయితోనే కదా మొదలుపెట్టాం. టైమ్ ఇస్తే అవుతాయి.

రిటైర్డ్ జువాలజీ | రాత్రి 9:48
"ఎదుగుతుందా" అన్న మాట దగ్గరే తప్పు మొదలైంది. ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు పరిణామం చెప్పాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు ఆ పాత బొమ్మే గీసేవారు. ముందు కోతి, తర్వాత వంగిన మనిషి, చివర నిటారుగా నడిచే మనిషి. పరిణామం అలిపిరి మెట్లదారి కాదండీ, అందరూ ఎక్కుతుంటే మనం ముందు పైకి చేరామని అనుకోవడానికి. చింపాంజీకీ మనకూ ఉమ్మడి పూర్వీకులు 60, 70 లక్షల ఏళ్ల కిందటివాళ్లు. అన్నేళ్లూ చింపాంజీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు, దాని బతుక్కు కావలసినట్టు అదీ మారింది.

ఇక టైమ్ సంగతి. డైనోసార్లు 16 కోట్ల ఏళ్లకు పైగా నేల ఏలాయి. ఒక్క పలక రాయలేదు, ఒక్క పొయ్యి వెలిగించలేదు. టైమ్ ఒక్కటే చాలదు. మెదడు ఖరీదైన సరుకు. మన ఒంటి బరువులో 2 శాతం ఉండి, తినే తిండిలో 20 శాతం దానికే పోతుంది. అంత ఖర్చు గిట్టుబాటైతేనే ఏ జంతువుకైనా పెద్ద మెదడు నిలుస్తుంది. గిట్టకపోతే తగ్గిపోతుంది కూడా. ఇండోనేషియాలో ఫ్లోరెస్ దీవి మనుషుల ఎముకలు 2003లో దొరికాయి. మనకు దగ్గరి జాతే, మెదడు మాత్రం చింపాంజీ అంత. అయినా రాతి పనిముట్లు చేసుకుంటూ వేల ఏళ్లు బతికారు.

శ్రీకాళహస్తి వాడిని | రాత్రి 10:02
మా ఊళ్లో సాలీడు, పాము, ఏనుగు ముగ్గురూ శివుడికి పూజ చేశారు. పాము పెట్టిన మణులను ఏనుగు నీళ్లు పోసి తోసేసింది, ఏనుగు పెట్టిన ఆకులను పాము పక్కకు నెట్టింది. అంటే అపార్థం చేసుకునే తెలివి వాటికి ఎప్పుడో వచ్చింది. ఇంకేం కావాలి మనుషులు కావడానికి.

కాణిపాకం రోడ్డు | రాత్రి 10:10
ముందు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకు వస్తే చాలు.

పలమనేరు తోట | రాత్రి 10:55
ఏదో ఒక రోజు అంటున్నారు. మా వైపు రండి, ఆ రోజు వచ్చి చాలా ఏళ్లయింది. అడవి అంచున నాకు మూడెకరాల మామిడి, రెండెకరాల టమాటా. 1980ల్లో తమిళనాడు వైపునుంచి ఏనుగులు ఇటు వచ్చాయి, మా నాన్న హయాం నుంచి ఈ కాపలా నడుస్తోంది. సోలార్ ఫెన్సింగ్ వేయించా. ఒక నెల రాలేదు. తర్వాత ఎండుకొయ్య తెచ్చి తీగల మీద పడేసి దాని మీదుగా తోటలోకి దిగాయి. దంతంతో తీగ తెంపితే షాక్ కొట్టదని దానికి ఎవరు నేర్పారు? బ్యాటరీ డౌన్ అయిన రాత్రే వస్తుంది. వచ్చింది కాయలు తిని పోవచ్చు కదా. డ్రిప్ పైపులు తొక్కి, బోరు స్టార్టర్ పెట్టె పీకి పడేసి పోయింది. పెట్టెలో ఏం తిండి ఉంది? అది పగ. పగ పట్టాలంటే తెలివి ఉండాలి కదా సార్.

రిటైర్డ్ జువాలజీ | రాత్రి 11:20
మీ నష్టం గురించి బాధగానే ఉంది. కానీ మీరు చెప్పినవన్నీ ఒకటి కావు. కొయ్య వేయడం, దంతంతో తీగ తెంపడం ఏనుగులు చాలాచోట్ల చేశాయి, ఒప్పుకుంటాను. దెబ్బ తిని తిని నేర్చుకున్న విద్య అది. స్టార్టర్ పెట్టె సంగతి వేరు. కొత్త వస్తువు, మనిషి చేతి వాసన, లాగి చూసి ఉంటుంది. దాన్ని పగ అనడానికి ఆధారం లేదు. బ్యాటరీ డౌన్ అయిన రాత్రే వస్తుందన్నారు. వచ్చిన రాత్రులు మీకు గుర్తుంటాయి. బ్యాటరీ డౌన్ అయినా రాని రాత్రులు ఎన్ని?

కరకంబాడి కుర్రోడు | రాత్రి 11:31
సార్, నేర్చుకోవడం వేరు, తెలివి వేరు అని గీత ఎక్కడ గీశారు? వాషింగ్టన్ జూలో కందుల అనే ఏనుగు ఉండేది. పైన అందకుండా పండ్లు వేలాడదీస్తే, దూరంగా ఉన్న పెట్టెను తోసుకొచ్చి దాని మీద కాలు పెట్టి అందుకుంది. 2011లో వచ్చింది ఆ వార్త. ఎవరూ నేర్పలేదు. అదే ఏడాది థాయ్‌లాండ్ ఏనుగుల మీద ఇంకో ప్రయోగం వచ్చింది. రెండు ఏనుగులు తాడు రెండు కొసలూ ఒకేసారి లాగితేనే తిండి బల్ల దగ్గరకొస్తుంది. జతగాడు వచ్చేదాకా ఆగాయి. ఒక పిల్ల ఏనుగైతే తన కొస మీద కాలేసి నిలబడి, లాగే పనంతా అవతలిదానికి వదిలేసింది!

పలమనేరు తోట | రాత్రి 11:36
అది మా బావమరిదే.

రిటైర్డ్ జువాలజీ | ఆదివారం ఉదయం 6:15
కుర్రోడు బాగా చదువుతాడు, సంతోషం. కానీ తెలివైన ఏనుగు వేరు, మనిషిలాంటి తెలివి వేరు. లెక్క చూడండి. ఏనుగు మెదడు దాదాపు 5 కిలోలు, మనకు మూడు రెట్లకు పైనే. నాడీకణాలు 25,700 కోట్లు, మనకు 8,600 కోట్లు. ఇది చూసి ఏనుగే గొప్పదనుకుంటాం. అయితే దాని కణాల్లో 98 శాతం వెనకవైపున్న చిన్నమెదడులోనే ఉన్నాయి. అంత తొండాన్ని ఆడించడానికి అవి కావాలి కాబోలు. ఆలోచనకు ముఖ్యమైన పై పొరలో మాత్రం ఏనుగుకు 560 కోట్లు, మనకు 1,600 కోట్లు. పైగా 22 నెలల గర్భం, నాలుగేళ్లకో ఐదేళ్లకో ఒక పిల్ల. మార్పు నిలవాలంటే తరాలు గడవాలి, ఏనుగు తరం మన తరమంత పొడుగు.

ఇక ఆక్టోపస్ అని ఎవరైనా అంటారు, ముందే చెబుతున్నాను. సీసా మూత తిప్పగలదు, నిజమే. చాలా రకాలు ఒకటి రెండేళ్లే బతుకుతాయి. పిల్లలు బయటికొచ్చేసరికి తల్లి చనిపోతుంది. తల్లి నేర్చినది పిల్లకు అందే దారే లేదు. మనిషి తెలివి ఒక్క తలలో పుట్టింది కాదు. అమ్మమ్మ నుంచి మనవరాలికి చేతులు మారుతూ పోగైంది.

అలిపిరి నడక | ఉదయం 7:02
అయితే కోతులు తల్లి దగ్గరే నేర్చుకుంటాయి కదండీ. మొన్నటి కోతి పొట్టకు పిల్ల కరుచుకుని ఉంది. జిప్పు తీస్తుంటే అది కళ్లార్పకుండా చూస్తోంది.

కరకంబాడి కుర్రోడు | ఉదయం 7:20
చూశారా. సార్, ఇంకోటి. రెక్కలతో ఎగరడం పురుగులకు, డైనోసార్ల కాలంలో ఎగిరిన టెరోసార్లకు, పక్షులకు, గబ్బిలాలకు నాలుగుసార్లు విడివిడిగా వచ్చింది. నాలుగుసార్లు రెక్క పుట్టినప్పుడు తెలివి ఒక్కసారే ఎందుకు ఆగాలి? కాకిజాతిలో న్యూ కాలెడోనియా కాకులున్నాయి. 2002లో బెట్టీ అనే కాకి తిన్నని తీగను వంచి కొక్కెం చేసి బుట్ట లాక్కుంది. కాకి మెదడు ఎంత? చేతులు కూడా లేవు.

రిటైర్డ్ జువాలజీ | ఉదయం 7:55
నాలుగుసార్లు రెక్క వచ్చింది. ఏనుగుకు తొండం ఎన్నిసార్లు వచ్చింది? అంత పొడవు తొండం ఒక్క వంశానికే. కొన్ని విద్యలు ఒక్కసారే వస్తాయి. మన తెలివి రెక్క లాంటిదో తొండం లాంటిదో ఎవరూ తేల్చలేదు. మీరు రెక్క అని ముందే తీర్మానించుకుని వాదిస్తున్నారు.

పలమనేరు గారూ, మీరు నా ప్రశ్నకు జవాబివ్వలేదు. రాని రాత్రులు ఎన్ని?

పలమనేరు తోట | ఉదయం 9:40
రాత్రంతా మంచె మీద కూర్చుని ఇప్పుడే ఇంటికొచ్చా. సార్‌కు లెక్క కావాలంట. పెన్షన్ పడే ఇంట్లో కుర్చీలో కూర్చుని లెక్కలడగడం సులువు. మీ ఇంటి గోడ ఒక్కసారి ఏనుగు తోస్తే అప్పుడు అడగండి, పగా, వాసనా అని.

కాణిపాకం రోడ్డు | ఉదయం 9:44
అన్నా, పెద్దాయన. కొంచెం చూసి.

రిటైర్డ్ జువాలజీ | ఉదయం 10:30
నా పెన్షన్ ఇందులోకి ఎందుకొచ్చిందో తెలియదు. అయినా చెబుతాను. ఒకసారి పిల్లలను మీ వైపు ఫీల్డ్ ట్రిప్‌కు తీసుకెళ్లాను. పొలం గట్టున ఆడ ఏనుగు చచ్చి పడి ఉంది. అడవిపందుల కోసమని కరెంటు లైన్ నుంచి నేరుగా లాగిన తీగ. ఆ రైతు నాతో అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "పగబట్టింది సార్, మూడేళ్లుగా నా తోటకే వస్తోంది" అన్నాడు. చుట్టుపక్కల అందరి తోటల్లోకీ వచ్చిందని తర్వాత తెలిసింది. జంతువు మీద మనిషి బుద్ధి పెట్టామంటే దాన్ని నేరస్తుడిని చేసినట్టే. నేరస్తుడికి శిక్ష వేయాలని వెంటనే అనిపిస్తుంది. అందుకే ఆ ఒక్క మాట దగ్గర మొండిగా ఉంటాను. కుర్రోడు కందుల గురించి చెబితే నాకూ ముచ్చటేస్తుంది. మీరు పగ అంటే భయమేస్తుంది.

పలమనేరు తోట | ఉదయం 11:25
నేను కరెంటు తీగ పెట్టలేదు సార్. పెట్టను. మా తాత ఏనుగును చూస్తే చెప్పు విడిచి దండం పెట్టేవాడు, నేనూ పెడతా. టపాకాయ కాల్చి మరీ పెడతా.

మీకు భయం ఎందుకో చెప్పారు, నాకు ఆ మాట ఎందుకు కావాలో వినండి. నష్టపరిహారానికి ఒక ఆఫీసుకు పోయా. ఫొటోలు తీసుకెళ్లా. అక్కడి మనిషి చూసి "అడవి పక్కన పండ్లతోట వేసింది మీరే కదా, అది నోరులేని జంతువు, దానికేం తెలుసు" అన్నాడు. దానికేం తెలియదంట. ఇద్దరిలో ఒకరికి ఏమీ తెలియనప్పుడు తప్పంతా తెలిసినవాడిదే కదా. అంటే నాదే. కొయ్య వేసి ఫెన్సింగ్ దాటిన దానికి ఏమీ తెలియదు, అప్పు చేసి ఆ ఫెన్సింగ్ వేసినవాడికి అన్నీ తెలుసు. దానికీ తెలుసు, అది నన్ను ఓడించింది అని ఒక్క చదువుకున్న మనిషి అంటే, నా కాపలాలో లోపం లేదని మా ఇంట్లోవాళ్లకైనా చెప్పుకుంటా.

అలిపిరి నడక | ఉదయం 11:50
నేను కోతి జిప్పు గురించి మొదలుపెడితే ఎక్కడికొచ్చాం. కానీ ఇది చదివాక ఆ ప్రశ్న అంత సరదాగా లేదు.

కరకంబాడి కుర్రోడు | మధ్యాహ్నం 12:15
సార్, అన్న, ఇద్దరికీ. నేను టైమ్ టైమ్ అంటున్నా గానీ టైమ్ ఉండాలంటే చోటు ఉండాలని ఇప్పుడే తట్టింది. నియాండర్తల్ మనుషులు 40,000 ఏళ్ల కిందటిదాకా ఉన్నారు. మనకు అంత దగ్గరి తెలివి ఇంకోటి లేదు. వాళ్లే మిగల్లేదు. ఏనుగుకో కోతికో 50 లక్షల ఏళ్లు కావాలంటే, అన్నేళ్లూ అడవి మిగలాలి. ఆ అడవి పక్కన అన్న మూడెకరాలు ఉన్నాయి.

పలమనేరు తోట | మధ్యాహ్నం 12:21
అంటే 50 లక్షల ఏళ్లు టపాకాయల ఖర్చు నాదేనా తమ్ముడూ.

శ్రీకాళహస్తి వాడిని | మధ్యాహ్నం 12:24
😂

రిటైర్డ్ జువాలజీ | సాయంత్రం 5:40
పలమనేరు గారూ, ఆఫీసులో ఆ మాట అన్నది తప్పు. ఏనుగుకు తెలుసు. తీగ తెలుసు, దారి తెలుసు, మీ తోటలో కాయ ఎప్పుడు పండుతుందో తెలుసు. ఇది రాసి సంతకం పెట్టమన్నా పెడతాను. మీ కాపలాలో లోపం లేదు. పగ అన్న మాట మాత్రం రాయను. రాని రాత్రుల ప్రశ్న కూడా వదలను.

పలమనేరు తోట | సాయంత్రం 6:30
ఆఫీసులో రుజువు అడిగారని అప్పటినుంచి ఒక నోట్‌బుక్ పెట్టా సార్. ఈ సీజన్‌లో 11 సార్లు వచ్చాయి. 7 సార్లు బ్యాటరీ డౌన్‌లో ఉంది. రాని రాత్రుల్లో బ్యాటరీ ఎట్లా ఉందో రాయలేదు. అవి రాకపోతే నోట్‌బుక్ ఎందుకు తీస్తాను, పడుకుంటాను.

రిటైర్డ్ జువాలజీ | సాయంత్రం 6:38
ఆ కాలమ్ కూడా గీయండి.

పలమనేరు తోట | సోమవారం ఉదయం 6:05
నిన్న రాత్రి రాలేదు. బ్యాటరీ డౌన్. రాసుకున్నా.