పెళ్లి జాకెట్టు ఇండియాలో కుట్టించాలా, ఇక్కడే రెడీమేడ్ కొనాలా?

డాలస్ నుంచి, కొత్తగా వచ్చినమ్మాయి:

అందరికీ నమస్తే. ఉద్యోగం మీద డాలస్ వచ్చి నాలుగు నెలలైంది. మాఘమాసంలో నా పెళ్లి. ఇండియా వెళితే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ అవుతుందో లేదోనన్న టెన్షన్ వల్ల ఇద్దరం వెళ్లే ధైర్యం చేయడం లేదు. పెళ్లి ఇక్కడే గుడిలో, మర్నాడు రిసెప్షన్. అమ్మ గుంటూరులో మగ్గం వర్క్ చేయించి జాకెట్టు కుట్టించి పంపుతానంటోంది. నా రూమ్మేటేమో ఇక్కడే రెడీమేడ్ కొనుక్కుని హాయిగా ఉండమంటోంది. రిసెప్షన్‌కి గౌనా, లెహంగానా అన్నదీ తేలలేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.

ప్లేనో నుంచి:

చెల్లెమ్మా, నువ్వు అంటున్నానని ఏమనుకోకు. చీర గురించి బెంగ పెట్టుకోకు. అయిదున్నర మీటర్ల బట్ట, ఎవరి ఒంటికైనా సరిపోతుంది. చిక్కంతా దాని చివర వచ్చే 80 సెంటీమీటర్ల ముక్కతోనే.

నా పెళ్లి కూడా ఇక్కడే అయింది. జాకెట్టు విజయవాడలో కుట్టించారు. కొలతలు నేనే తీసుకుని వాట్సాప్‌లో పంపాను. ఇంట్లో టైలర్ టేపు లేదు, గోడలు కొలిచే ఇనుప టేపుంది. అది చంక దగ్గర వంగదు కదా, అక్కడ అందాజుగా ఒక అంకె వేసేశాను. ముహూర్తం మూడు రోజులుందనగా తెలిసినవాళ్లు తెచ్చిచ్చారు. వేసుకుని అద్దం ముందు నిలబడితే బొమ్మలా ఉన్నాను, చేతులు కిందికి వేలాడినంతసేపూ. పీటల మీద అసలు సంగతి తెలిసింది. జీలకర్ర బెల్లం ఉన్న తమలపాకు పట్టుకుని చెయ్యెత్తితే భుజం దాకా లేచి ఆగిపోయింది. మా ఆయన కూర్చున్నా నాకంటే జానెడు ఎత్తు. తెర అవతల ఆయన తల, ఇవతల నా చెయ్యి, మధ్యలో పంతులుగారు "పెట్టమ్మా పెట్టు, ముహూర్తం దాటిపోతోంది" అని ఒకటే తొందర. చివరికి ఆయనే వంగారు. ఫొటో చూసినవాళ్లందరూ అబ్బాయికి ఎంత వినయమో అంటారు, మేమూ ఏమీ చెప్పం. తలంబ్రాల ముందు మా పిన్ని వెనక నుంచి చెయ్యి దూర్చి చంక కింద కుట్టు పుటుక్కున తెంపింది. అప్పుడుగానీ రెండు చేతులూ లేవలేదు.

తప్పు ఆ టైలర్‌ది కాదు. మగ్గం వర్క్ ఎలా చేస్తారో తెలిస్తే నీకే అర్థమవుతుంది. బట్టను కత్తిరించకముందే దాని మీద మెడ, చేతులు, వీపు కొలతల ప్రకారం గీసి, మగ్గానికి బిగించి, జర్దోసీ, పూసలు, కుందన్లు కుడతారు. కత్తిరించడం, జాకెట్టుగా కుట్టడం ఆ తర్వాతే. అంటే నువ్వు పంపిన అంకె తప్పయితే ఆ తప్పు మీద నెల రోజుల పనితనం పేరుకుపోయి ఉంటుంది. చెయ్యి చుట్టూ వర్క్ వచ్చాక అక్కడ లూజు చేయాలంటే పూసలు ఊడదీయాలి. మామూలు జాకెట్టయితే పక్క కుట్టు విప్పి సర్దుకుంటాం.

అందుకే నా మాట ఇది. ట్రయల్ వేసుకోకుండా వచ్చిన జాకెట్టు ఎంత ఖరీదైనా దాన్ని నీ ఒంటికి కుట్టించినట్టు లెక్క కాదు. దానికంటే రెడీమేడ్ కొని ఇక్కడ తెలిసినావిడ దగ్గర సరిచేయించుకోవడం నయం. ట్రయల్ కుదిరేటట్టయితే మాత్రం కళ్లు మూసుకుని మీ అమ్మ మాట విను.

అంత దూరం నుంచి ట్రయల్ ఎలా అంటావా? ముందు అదే టైలర్ చేత, అదే మెడతో, అదే చేతి పొడవుతో ఒక మామూలు కాటన్ జాకెట్టు కుట్టించమను. దానికి మాత్రం లైనింగ్ కూడా అసలు జాకెట్టుకు వేసేదే వేయించాలి, లేకపోతే ఫిట్టింగ్ తేడా వస్తుంది. అది తెప్పించుకో. 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్లలోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు ఎత్తేశారు కాబట్టి చిన్న పార్సిల్‌కీ కొంత పడుతుంది. అయినా కాటన్ జాకెట్టు విలువెంత! వేసుకున్నాక అద్దం ముందు నిలబడి మురిసిపోకు. చెయ్యెత్తి ఫ్రిజ్ పైన ఉన్న డబ్బా తియ్యి. కింద కూర్చుని లే. ఎక్కడ పట్టేస్తోందో, ఎక్కడ జారుతోందో పెన్నుతో దాని మీదే గీసి, వీడియో కాల్‌లో టైలర్‌కే చూపించు. మధ్యలో అమ్మను పెట్టకు, "కొంచెం" అనే మాట ఒక్కొక్కరి నోట్లో ఒక్కో కొలత అవుతుంది. ఆ జాకెట్టు సరిపోయాక అదే నీ ఆది జాకెట్టు. మగ్గానికి గీత దాన్ని బట్టే గీయాలి.

ఇంకో మాట. పక్కల్లో కనీసం అంగుళంన్నర మార్జిన్ వదలమని గట్టిగా చెప్పు. కొత్తగా అమెరికా వచ్చినవాళ్లం మొదటి ఏడాది ఎటు పెరుగుతామో మనకే తెలియదు.

ఇప్పుడు ఆషాఢం, పెళ్లిళ్లు లేవు. చీరల షాపుల్లో సేల్, టైలర్లకూ కాస్త ఊపిరి. శ్రావణం వచ్చిందంటే ఫోన్ ఎత్తరు. ఈ నెలలోనే కాటన్ జాకెట్టు పని అయిపోవాలి.

మధుపర్కాలకి మాత్రం ఏ హడావుడీ వద్దు. నూలు చీర, దానికి సరిపోయే ఎర్ర రెడీమేడ్ జాకెట్టు చాలు. పసుపు ఎలాగూ అంటుతుంది.

ఎడిసన్ నుంచి:

పై అక్క చెప్పినదంతా నిజమే గానీ అంత ఓపిక అందరికీ ఉండదు. నేను ఇక్కడ ఇండియన్ షాపులుండే ఓక్ ట్రీ రోడ్‌లో రెండు శనివారాలు తిరిగి రెడీమేడ్ మగ్గం జాకెట్టు కొన్నాను. వాటి మీద 38 అని ఉంటుంది, లోపల 42 దాకా విప్పుకునేంత బట్ట ఉంటుంది. అసలు సైజు అంకె చూడకుండా భుజం సరిపోయిందా లేదా చూడండి. నడుము, ఛాతీ సరిచేయొచ్చు, భుజం జారిందంటే ఇక అంతే. రంగు కలవదన్న భయం ఉంటే బంగారు రంగు తీసుకోండి, జరీ అంచున్న ఏ పట్టుచీరకైనా నప్పుతుంది.

సరిచేయించేది మాత్రం జాకెట్లు కుట్టే మనవాళ్ల దగ్గరే. నేను తెలియక ఇంటి పక్కన ప్యాంట్లు కురచ చేసే షాపులో ఇచ్చాను. పాపం ఆవిడ నీట్‌గా ఉండాలని లోపలి మార్జినంతా కత్తిరించి ఓవర్‌లాక్ కొట్టేసింది. కాన్పు తర్వాత ఆ జాకెట్టు మళ్లీ ఎక్కలేదు.

రిసెప్షన్ గౌను గురించి: ఇక్కడి బ్రైడల్ షాపుల్లో "ఆర్డర్ చేస్తాం" అంటే మీ కొలతలకు కుడతారని అనుకోకండి. చాలా చోట్ల మీ ఛాతీ, నడుము, తుంటి కొలతల్లో పెద్దదానికి దగ్గరి సైజు తెప్పిస్తారు, తర్వాత ఫిట్టింగ్‌కి వేరే బిల్లు. గౌను రావడానికే నాలుగైదు నెలలు, ఆ పైన సరిచేయడానికి ఇంకో నెలన్నర, రెండు నెలలు. మాఘమాసం అంటే ఇప్పుడే వెళ్లాలి. లెహంగా అయితే సెమీ స్టిచ్డ్ తెప్పించుకోండి. పావడాకి బొందు ఉంటుంది, లూజు టైటు గొడవ లేదు, పైది మాత్రం ఇక్కడ కుట్టించుకుంటే సరి.

ఆస్టిన్ నుంచి:

అబ్బాయి తరఫున ఒక్క మాట. పంచె కట్టడం రాకపోతే వెల్క్రో పంచె కొనుక్కోమనండి, సిగ్గేం లేదు. నాకు మామూలు పంచె కట్టి, పైన బెల్టు పెట్టారు. ఏడడుగుల్లో నాలుగో అడుగు దగ్గర మా బావమరిది వెనక నుంచి పట్టుకుని నడిచాడు.

డాలస్ అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. ప్లేనో అక్కా, నా ఆది జాకెట్టు అమ్మ దగ్గర ఆల్రెడీ ఉందట, కిందటేడు మా కజిన్ పెళ్లికి కుట్టించినది. దాంతోనే మగ్గానికి ఇచ్చేస్తానంటోంది. ఇవ్వమననా?

ప్లేనో నుంచి:

వద్దు! కిందటేడు నువ్వు వేరు, ఇప్పుడు నువ్వు వేరు. ఆ పాతది తీసుకెళ్లి టైలర్‌కి ఇచ్చి దాన్ని బట్టి కాటన్ జాకెట్టు కుట్టించమను, అది వచ్చేదాకా మగ్గం మాట ఎత్తొద్దని చెప్పు. అమ్మానాన్న పెళ్లికి వచ్చేటప్పుడు అసలు జాకెట్టు, చీర చేతి బ్యాగులోనే తెమ్మను. పచ్చడి డబ్బాలున్న సూట్‌కేసులో మాత్రం పెట్టనివ్వకు, ఆవకాయ నూనె ఎన్ని కవర్లు చుట్టినా ఆగదు. కాటన్ది రాగానే మా ఇంటికి రా, నా దగ్గర ఇప్పుడు మంచి టైలర్ టేపుంది.